ఎనిమిది పౌండ్ల మిషను

పాత సామాన్ల కొట్లో దొరికింది. ఎనిమిది పౌండ్లు.
మా నాయనమ్మ బట్టలు పిండిన రోలర్ల యంత్రానికి
మునిమనవరాలిలా ఉంది:
రెండు ఉక్కు కడ్డీలు, మధ్యన సందు,
పక్కన తిప్పడానికో పిడి.
ఎలా వాడాలో చెప్పే కాగితం మాత్రం
ఎవరి సొరుగులోనో ఉండిపోయింది.

వార్డులో నేల తుడిచే బొగుమీవా
శుక్రవారంతో పని మానేస్తోంది.
పదకొండేళ్ల రాత్రి డ్యూటీల్లో
ఒక్కసారీ నన్ను టీ కలపనివ్వని మనిషి.
షాపుల్లో కార్డులన్నిటి మీదా బెలూన్లే.
ఆమెకు బెలూన్లు నప్పవు.
ఫెర్న్ ఆకు ఉండాలనుకున్నాను,
ఎందుకని అడగొద్దు, నాకూ తెలీదు.

మొదటిసారి అచ్చు వెల్లకిలా పెట్టి
పైన కాగితం మరిచిపోయాను.
రెండోసారి బోర్లించాల్సింది బోర్లించలేదు.
కాగితం మీద ఆకు వాచింది, తెగలేదు.
నర్సుని, ఆ మాత్రం తేడా నాకు తెలుసు.
మూడోసారి కోపంతో పలక మీద పలక, ఆపైన ఇంకో పలక.
పిడి మొరాయించింది. బలం పెట్టాను.
ఇంట్లో ఏదో ఎముక విరిగినంత చప్పుడు.

ఆ చప్పుడికి కంచె అవతల తల లేచింది.
టెబట్ గారు. ఎనభై ఆరేళ్లు.
నార్తాంప్టన్ బూట్ల ఫ్యాక్టరీలో
నలభై మూడేళ్లు ప్రెస్సు మీద తోలు కోసిన చెయ్యి,
చిటికెన వేలికి గోరు లేదు.
"అది ఏడుపు కాదమ్మాయ్, లెక్క.
పలక ఒకటి ఎక్కువైందంటోంది."
అమ్మాయట! నాకు యాభై నాలుగు.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని
అచ్చును అరచేతిలో తూచారు.
"ఇంత పల్చనా? మా కత్తులు
రొట్టె ముక్కంత మందం ఉండేవి."
బొటనవేలితో అంచు తడిమి
పదునును కాగితం వైపు తిప్పి పెట్టారు.
"పదునుకి ముఖముంటుంది.
అది ఎవర్ని చూడాలో వాళ్లనే చూడాలి."
ఈసారి ఆకంతా తెగింది, కొస తప్ప.
నేను మళ్లీ పిడి బిగించబోతే చెయ్యి పట్టుకున్నారు.
"ఉప్పు చాలకపోతే గిన్నెడు పోస్తావా?"
గ్యాస్ బిల్లు కవరు చించి
ఒక్క పొర, ఒకే ఒక్క పొర అడుగున జొనిపారు.

ఆ తర్వాత అట్టను చెవి దగ్గర వంచి విన్నారు,
ఇటొకసారి, అటొకసారి.
ఏ వైపు సాగుతుందో తోలు చెప్పేదట,
కాగితం కాస్త నసుగుతుందట.
పలకలు గీతలు పడి వంగాయని నేను వాపోతే
"తిరగేసి వాడు" అన్నారు,
ఇంతకన్నా పెద్ద కష్టాలున్నట్టు.

ఏడోసారి.
సూదితో పొడుస్తుంటే
బల్ల మీద గసగసాల్లా పచ్చటి చుక్కలు రాలాయి.
ఊపిరి బిగబట్టి ఎత్తాను:
ఈనెతో సహా, కొసతో సహా, ఆకు.

ఆయన ఆకును చూడలేదు.
బొక్క పడిన అట్టను తీసుకెళ్లి
కిటికీకి అడ్డం పట్టుకున్నారు.
"దీన్ని తగ్గించడానికే మాకు జీతం ఇచ్చింది.
ఇది ఎంత చిన్నదైతే మేస్త్రీ మొహం అంత వెలిగేది.
తుక్కు బుట్టలోకి వెళ్లే ముందు
ఒక్కసారి కూడా ఇలా ఎత్తి చూడలేదు."
వాన ఆగిన వెలుతురు
ఆకు ఆకారంలో ఆయన చొక్కా మీద పడింది.
చాలాసేపు అక్కడే నిలబడ్డారు.
టీ చల్లారిపోయిందని నేను చెప్పలేదు.

అందుకే కార్డుకు ఆ బొక్కనే అతికించాను,
వెనకాల పసుపు కాగితం.
ఒక పక్క కాస్త వంకర. జిగురు మరక కూడా ఉంది.
ఆకు టెబట్ గారి కళ్లద్దాల డబ్బాలో ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి
బొగుమీవా కవరు విప్పింది.
చేతి తొడుగు తీసి, వేలిని ఖాళీ అంచు వెంబడి
కాడ నుంచి కొస దాకా నడిపించి
"మరి ఆకేదీ?" అంది.
"మా పక్కింట్లో" అన్నాను.
సరే అన్నట్టు తలూపింది, అన్నీ అర్థమైనదానిలా.

ఆ రాత్రి టీ నేనే కలిపాను.
చక్కెర ఎక్కువైంది.